నాలుగున్నరకూ ఐదుకూ మధ్య

పాట మరీ బాగుంది. సమీరకు అనుమానం రావడానికి మొదటి కారణం అదే.

న్యూ టౌన్ తెలుగువాళ్ళ సంఘం ఏటా పెట్టే సంగీతం పోటీకి ఈసారి యువత విభాగంలో ముప్పై నాలుగు రికార్డింగులు వచ్చాయి. అన్నీ విని, పదిమందిని ఆదివారం జరిగే ఫైనల్‌కు ఎంపిక చేయడం సంగీత కార్యదర్శిగా ఆమె పని. గురువారం సెలవు పెట్టి, పొద్దున్నే టీ కప్పు పక్కన పెట్టుకొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చుంది. మొదటి ఇరవై ఆరూ అనుకున్నట్టే ఉన్నాయి. ఒకరు తాళాన్ని పరిగెత్తించారు. ఇంకొకరు పై షడ్జమం దగ్గర గొంతు పిండేశారు. ఒకరి అనుపల్లవి మధ్యలో కుక్కర్ కూత వేసింది. ఇరవై ఏడోది మొదలయ్యాక ఆమె చేతిలో పెన్ను కదలడం మానేసింది.

కాంభోజిలో కీర్తన. ఆడపిల్ల గొంతు. పొద్దున్నే ఇంటి తలుపు తీసుకొని బయటికి వచ్చినంత మామూలుగా రాగంలోకి వచ్చింది. పల్లవి రెండో సంగతి దగ్గర సమీర కుర్చీలో నిటారుగా కూర్చుంది. కరీంనగర్‌లో తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకొని, ఉద్యోగానికి ఈ బెంగాలీ నగరం వచ్చాక వదిలేసిన మనిషి ఆమె. గొంతు పోయింది గాని చెవి పోలేదు.

పాట అవగానే ఆమె మెచ్చుకోలేదు. మళ్ళీ మొదటికి తిప్పింది. ఐటీ పార్కులో ఆమె టెస్టింగు చేస్తుంది. ఎవరో రాసిన ప్రోగ్రాము ఎక్కడ విరుగుతుందో వెతికి పట్టుకోవడమే పని. నున్నగా నడిచిపోయేదాన్ని చూస్తే ఆమెకు చేతులు ఊరుకోవు.

ఫోనులో శ్రుతి చూపించే యాప్ తెరిచి స్పీకరు దగ్గర పెట్టింది. ముల్లు నాలుగున్నర దాటింది, ఐదుకు చేరలేదు. మధ్యలో ఆగి సన్నగా వణికింది. ఏ తంబురా పెట్టె అయినా నాలుగున్నర శ్రుతి చూపిస్తుంది, లేకపోతే ఐదు. మధ్యలో పాడేవాళ్ళెవరు? ఎవరిదో పాత రికార్డింగును వేగం పెంచితేనే శ్రుతి ఇలా పక్కకు జరుగుతుంది. సమీర కాగితం మీద 'ఒకటి' అని వేసి రాసుకుంది.

అనుపల్లవిలో ఒక చోట పాడే అమ్మాయి ఎంతకీ ఊపిరి తీసుకోలేదు. సమీర గడియారం పెట్టి చూసింది. పంతొమ్మిది సెకన్లు. రెండు.

మూడోది వింటున్నప్పుడు ఆమెకు నిజంగా ఒళ్ళు జలదరించింది. చరణం మూడో పాదంలో ఒక మాట ఉంది. అమ్మాయి దాన్ని 'హజయుడవని' అని పాడింది. ఒక్కసారి కాదు, సంగతి మార్చిన ప్రతిసారీ, ఎంతో ఆర్తిగా, కళ్ళకు నీళ్ళు తెప్పించేటట్టు. తెలుగులో అలాంటి మాటే లేదు. అర్థంలేని శబ్దాన్ని అంత ప్రేమగా పలికే మనిషి ఎవరుంటారు? మనిషి కాకపోతేనే కుదురుతుంది.

దరఖాస్తు తీసి చూసింది. పేరు రెజీనా. తండ్రి పేరు యెషయా. వయసు ఇరవై. చిరునామా ఏక్‌బాల్‌పూర్‌లో ఏదో సందు. గురువు పేరు ఉన్న చోట మిగతావాళ్ళంతా బిరుదులతో సహా రెండు లైన్లు నింపితే, ఇక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో 'సూరన్న' అని మాత్రమే ఉంది. పాట సాహిత్యం తెలుగులో తమ చేత్తో రాసి జతచేయాలని నిబంధన. ఈ అమ్మాయి రాయలేదు. ఏదో పాత నోటుబుక్కులో సిరా వెలిసిపోయిన పేజీకి ఫొటో తీసి పెట్టింది. ఆ పేజీలో మాట 'సదయుడవని' అని స్పష్టంగానే ఉంది. పుస్తకంలో ఒకటి, పాటలో ఒకటి.

సంఘం అధ్యక్షుడు పెద్దిరాజుకు ఫోన్ చేసింది. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మూడు కారణాలూ ఓపిగ్గా విన్నాడు.

"ఇప్పుడు కంప్యూటర్లే పాడేస్తున్నాయి కదండీ సమీర గారూ," అన్నాడు. "నిరుడు వ్యాసరచనలో ఏం జరిగిందో చూశాంగా. తీసెయ్యండి, గొడవుండదు."

"ఒకసారి ఆ అమ్మాయిని అడిగితే?"

"అడిగితే ఒప్పుకుంటారేంటండీ ఎవరైనా?"

అదీ నిజమే అనిపించింది. సాయంత్రం ఆరింటికి పది పేర్ల జాబితా సంఘం గ్రూపులో పెట్టింది. ఇరవై ఏడో నంబరు అందులో లేదు.

*

శుక్రవారం ఉదయం ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి ఉండగా తెలియని నంబరు నుంచి గొంతు మెసేజీ వచ్చింది.

"నమస్తే దిదీ. నాను రెజీనాను. లిస్టుల నా పేరు లేదు, పర్లేదు. ఒక్కటి సెప్తారేటి? నాను తప్పెక్కడ పాడినాను? సరణంల మూడో లైను నాకే సరిగా రావట్లేదు. ఆ సంగతి పైకెళ్ళి దిగినకాడ. అదేనా, ఇంకేటైనా ఉన్నాదా? తెలిస్తే దిద్దుకుంటాను."

వెనక అంబులెన్సు కూత, ఎవరో బెంగాలీలో పేషెంటు పేరు పిలవడం వినిపించాయి. అమ్మాయి గొంతు బొంగురుగా ఉంది. రాత్రంతా అరిచి అరిచి అలసిన గొంతులా ఉంది. ఇది ఆ గొంతేనా? సమీర రెండోసారి విన్నది ఆ పోలిక కోసమే. మాటను బట్టి పాటను పోల్చలేమని ఆమెకు తెలుసు. అయినా కాగితం తీసి 'నాలుగు' అని వేసింది.

పైగా సరిగ్గా మూడో పాదం గురించే ఎందుకు అడిగింది? తప్పు ఎక్కడ దొరికిందో తెలుసుకొని, వచ్చేసారి దొరక్కుండా చేసుకోవడానికా?

'ఈరోజు సాయంత్రం వీడియో కాల్‌లో పాడగలరా?' అని రాసింది.

'డ్యూటీ ఉంది దిదీ', ఇంగ్లీషు అక్షరాల్లో జవాబు.

'రేపు న్యూ టౌన్ రాగలరా?'

'తాత లేకండా పాడను. తాత అంత దూరం రాలేడు.'

'పాడక్కర్లేదు. మీరు పంపిన పేజీలో సాహిత్యం చదివి వినిపించండి చాలు.'

ఈసారి జవాబు వెంటనే రాలేదు. అవతల టైపు చేస్తున్నట్టు చుక్కలు కనబడ్డాయి, ఆగిపోయాయి, మళ్ళీ కనబడ్డాయి. లిఫ్టు వచ్చింది, వెళ్ళింది. చుక్కలు పోయాయి. సమీర ఫోన్ చేస్తే రెండు రింగుల తర్వాత అవతల కట్ చేశారు.

'చిక్కింది' అనుకుంది సమీర. పట్టుకున్నందుకు రావలసిన తృప్తి మాత్రం రాలేదు. మధ్యాహ్నం మీటింగులో కూర్చున్నా ఆ మెసేజీయే చెవిలో తిరిగింది. దొంగతనం చేసినవాళ్ళు ఎందుకు తీసేశారని దబాయిస్తారు, లేదంటే నోరు మూసుకుంటారు. దిద్దుకుంటాను, తప్పు చెప్పమని ఎవరూ అడగరు. ఆఫీసులో ఒక ఫిర్యాదు వస్తే ఆ తప్పును తన కంప్యూటరు మీద మళ్ళీ జరిగేటట్టు చేసి, కళ్ళతో చూస్తేనే గాని ఆమె సంతకం పెట్టదు. ఇక్కడ చూడకుండానే పెట్టేసింది.

*

శనివారం సెక్టర్ ఫైవ్‌లో మెట్రో ఎక్కి ఎస్ప్లనేడ్‌లో దిగి, ఖిదిర్‌పూర్ బస్సు పట్టుకుంది. ఏక్‌బాల్‌పూర్ సందులో ఆ నంబరు ఇల్లు కనుక్కోవడానికి నలుగురిని అడగాల్సి వచ్చింది. అడిగిన ప్రతివాళ్ళూ ముందు ఆమె చేతిలోని కాగితం వైపు చూశారు. ఒక ముసలామె సమాధానం చెప్పకుండానే లోపలికి వెళ్ళి కిటికీ మూసింది.

రెజీనా వాళ్ళ తలుపు గొలుసు తీయకుండానే నాలుగు వేళ్ళంత తెరుచుకుంది. లోపల యాభై ఏళ్ళ మనిషి, ఓడల డాకులో పనిచేసేవాళ్ళు వేసుకునే నీలం చొక్కా, ముంజేతి మీద గ్రీజు మరక.

"మీరెవులు?"

తెలుగులోనే అడగడంతో సమీరకు కొంచెం ధైర్యం వచ్చింది. "యెషయా గారేనా? న్యూ టౌన్ నుంచి వచ్చానండీ. రెజీనా—"

"లిస్టు పనా?"

"అవునండీ, లిస్టు గురించే."

ఆయన మొహం గట్టిపడింది. "రెండుసార్లు సూపించినాం కాయితాలు. మా నాన్న పేరు, మా తాత పేరు, అన్నీ రాసుకున్నారు. మళ్ళీ ఏటి?"

ఆయన ఏ లిస్టు అనుకుంటున్నాడో సమీరకు అప్పుడు వెలిగింది. "అయ్యో, ఓటర్ల లిస్టు కాదండీ. పాటల పోటీది. నేను ఆ సంఘం మనిషిని."

గొలుసు అప్పటికీ ఊడలేదు. యెషయా ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. తర్వాత తలుపు పూర్తిగా మూసి, లోపల ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడాడు. 'ఒకామె వచ్చింది', 'నాకు తెల్దు', 'ఒక్కతే' అన్న మాటలు వినబడ్డాయి. బయటికొచ్చేటప్పుడు ఆయన చెప్పులు వేసుకొని, తాళం కప్ప చేత్తో పట్టుకొని ఉన్నాడు.

"మా గుంట రెజీనా ఇక్కడ లేదు. వాట్‌గంజ్‌ల ఉంది, పాట నేర్పే ముసలాడి కాడ. పదండి, నానూ వస్తాను."

ఫారంలో ఏక్‌బాల్‌పూర్ రాసి వాట్‌గంజ్‌లో ఉండటమేమిటని సమీర అడగలేదు. మనసులో మాత్రం రాసుకుంది. యెషయా పక్కన నడవకుండా రెండడుగులు వెనక నడిచాడు. తను ఎటైనా తప్పించుకుంటుందనా, ఎవరికైనా ఫోన్ చేస్తుందనా? సమీర వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆయన ఆమెనే చూస్తున్నాడు. తనూ ఆయన్ని అలాగే చూస్తోందని ఆమెకు తట్టడానికి కొంత దూరం పట్టింది.

డాకు వంతెన దగ్గర లారీలు నిలిచిపోయి ఉన్నాయి. అక్కడ ఆగినప్పుడు ఆయనే నోరు విప్పాడు.

"మా గుంట ఏటి తప్పు సేసింది?"

"తప్పని కాదండీ. కొంచెం సందేహం ఉండి..."

"మా సర్చిల ఒకలిద్దరు అడుగుతారు, దేవుని పాటలొగ్గీసి ఈ పాటలేటని. వోలకి సెప్పుకున్నాం. దానికి ఇష్టం, సెడ్డపని కాదు గదా అన్నాం. మీ కాడికొస్తే మీకూ సందేహమేనా? మరది ఎక్కడికెళ్ళి పాడాల?"

లారీ హారన్లు మోగాయి. సమాధానం చెప్పాల్సిన అవసరం తప్పినందుకు సమీర ఆ హారన్లకు రుణపడింది.

*

డాకు గోడను ఆనుకొని వరసగా ఉన్న గదుల్లో చివరిది సూరన్నది. తలుపు తీసే ఉంది. గడపకు ఇవతలే సమీర చెయ్యెత్తి యెషయాను ఆగమంది. ఆయన విసుగ్గా చూసినా ఆగాడు.

లోపల నుంచి బుడబుడమని నీళ్ళ చప్పుడు వస్తోంది. గోడవారగా కూర్చున్న అమ్మాయి నర్సింగ్‌హోమ్ ఆయాలు వేసుకునే లేత ఆకుపచ్చ చొక్కాతో ఉంది. స్టీలు గ్లాసులో బొప్పాయి కాడ పెట్టి ఊదుతోంది. బుగ్గలు పొంగుతున్నాయి, ముక్కు కదులుతోంది, నీళ్ళలో బుడగలు మాత్రం తెగడం లేదు. ఎదురుగా మంచం మీద ఎముకల గూడులాంటి ముసలాయన తొడ మీద వేళ్ళతో లెక్కపెడుతున్నాడు. ఆయన చెయ్యెత్తగానే అమ్మాయి కాడ తీసి పక్కన పెట్టి, ఒక్క గుటక మింగి, పాట ఎత్తుకుంది.

అదే కాంభోజి. అదే గొంతు. మాట్లాడేటప్పుడున్న బొంగురు ఎక్కడికి పోయిందో తెలియదు.

సమీర అప్పుడు చేసిన పని తర్వాత ఆమెనే చాలా రోజులు సిగ్గుపడేలా చేసింది. ఆమె పాట వినలేదు. గది వెతికింది. మంచం కింద చూసింది: ఒక రేకుపెట్టె, రెండు చెంబులు. గూట్లో చూసింది: మందు సీసాలు, ఎర్ర గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు. స్పీకరు లేదు. అమ్మాయి ఫోన్ కిటికీ మీద బోర్లా ఉంది, తెర వెలుగు లేదు. ముసలాయన ఒళ్ళో చేత్తో ఊపే పాత శ్రుతిపెట్టె గుర్రుమంటోంది. సమీర తన ఫోన్లో యాప్ తెరిచింది. ముల్లు నాలుగున్నర దాటింది, ఐదుకు చేరలేదు.

"ఎవులమ్మా అది?" ముసలాయన శ్రుతిపెట్టె ఆపాడు. ఆ మాటల్లో సగం గాలే వచ్చింది. నోట్లో ఒక్క పన్ను లేదు.

రెజీనా లేచి నిలబడింది. నిలబడుతూ ఒళ్ళోని నోటుబుక్కును చున్నీ కిందికి తోసేసింది. అది సమీర కంట పడింది.

"నేను సమీరను. నిన్న మెసేజీ పెట్టారు కదా."

"మీరొస్తారని అనుకోలేదు దిదీ," అంది రెజీనా. మొహంలో రంగు లేదు.

సమీర చాప మీద కూర్చుంది. ఇంక దాచి లాభం లేదనిపించి, శ్రుతి సంగతి, ఊపిరి సంగతి వరసగా చెప్పింది. మెషీను పాడిందేమో అనుకున్నానంది. సూరన్నకు అర్థం కాలేదు. గడపలో నిలబడ్డ యెషయా గట్టిగా చెప్పాడు: "మన గుంట పాడలేదట బాబూ. కంప్యూటర్ పాడీసిందట."

"మిసనా?" సూరన్న నోరు తెరిచి నవ్వాడు. "మిసను ఇంత బాగా పాడతాదేటి?" అని, ఎర్ర గుడ్డలోని వస్తువును తెమ్మని రెజీనాకు సైగ చేశాడు. అది సన్నాయి. డాకులో బస్తాలు మోసిన నలభై ఏళ్ళూ ఖిదిర్‌పూర్‌లో తెలుగువాళ్ళ పెళ్ళంటే ఆయనే ఊదేవాడట. పళ్ళూడాక సన్నాయి పీక పెదాల మధ్య నిలవడం లేదు. శ్రుతిపెట్టెలో రీడు గీకి గీకి తన సన్నాయికి కలుపుకున్నానని, బజారులో దొరికే పెట్టెలు తనకు పనికిరావని ఆయన చెబుతుంటే, 'స'లన్నీ గాలిలో 'హ'లైపోయి కొన్ని మాటలు రెజీనా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఊపిరి కూడా సన్నాయి వాళ్ళ సాధనే. గ్లాసులో బుడగ తెగితే ఆ రోజు పాట ఉండదట.

సమీర కాగితం మీద ఒకటి, రెండు కొట్టేసింది. నాలుగు ఎప్పుడో పోయింది. మూడోది మిగిలింది.

"మరి మూడో లైను దిదీ?" రెజీనా ముందుకు వంగింది. జాబితా ఊసు ఆమె ఎత్తలేదు. "సంగతి దిగినకాడ తప్పేనా?"

"సంగతి బాగుంది. చాలా బాగుంది. మాటే..." సమీర ఆగింది. "మీరు 'హజయుడవని' అంటున్నారు."

"అవును. హజయుడవని." రెజీనా తల ఊపింది, దానిలో తప్పేముందన్నట్టు.

సమీర అప్రయత్నంగా సూరన్న నోటి వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. తప్పు కనబడితే చెప్పకుండా ఉన్న రోజు ఆమె జీవితంలో లేదు. ఇప్పుడు మాత్రం చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఏటో ఉంది. నాన్సకండా సెప్పు తల్లీ," అన్నాడు సూరన్న. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "నా ముందర సెప్పకూడనిదేటి?"

"పుస్తకంలో ఒకసారి చూసుకుంటే చాలు," అంది సమీర. "ఆ నోటుబుక్కు..."

రెజీనా కదల్లేదు. చున్నీ మీద ఆమె చెయ్యి బిగుసుకుంది.

"ఇయ్యే," అన్నాడు సూరన్న. "మా మేనమామ రాసిన బుక్కది. నువ్వే సదువు. సదివి ఇనిపించు ఆ తల్లికి."

బయట గోడ అవతల ఏదో క్రేను గంట కొట్టింది. యెషయా కూతురి వైపు చూసి తల దించుకున్నాడు. సమీరకు నిన్నటి చుక్కలు గుర్తొచ్చాయి. ఆ అమ్మాయి ఏదో దాస్తోందని అనుకోవడం తప్పు కాదు. దాచింది ఏమిటన్న దగ్గరే తను పొరపాటు పడింది.

"నాకు రాదు తాతా," అంది రెజీనా.

"ఏటి రాదు?"

"తెలుగు సదవడం. నాను బెంగాలీ బడిల సదివినాను."

సూరన్న చెయ్యి శ్రుతిపెట్టె మీదే ఉండిపోయింది. "రెండేళ్ళయింది గదే. మొదటి రోజే అడిగినాను గదా. నా నోట్ల మాట నిలవదు, రాగం నా కాడ నేర్సుకో, మాట బుక్కుల సూసుకో అన్నాను. సదవొచ్చునా అంటే వచ్చన్నావు."

"రాదంటే పాట సెప్పనన్నావు గదా." రెజీనా గొంతు చిన్నదైపోయింది. "నాకు నేర్సుకోవాలని ఉండీది. నీ నోరు సూసి పట్టీసుకుంటానులే అనుకున్నాను."

ముసలాయన సన్నాయిని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. చాలా మెల్లగా, కొస నుంచి కొస దాకా, ముడి వేసి, ఆ ముడి విప్పి, మళ్ళీ వేశాడు. రెజీనా ఏడవలేదు. ఆ చేతులనే చూస్తూ నిలబడింది, చుట్టడం అయ్యాక ఏం జరుగుతుందోనన్నట్టు.

"అయితే రెండేళ్ళబట్టీ నా బోసినోటి మాటలే పాడతన్నావన్నమాట," అన్నాడు చివరికి.

"ఊఁ."

"ఆ తల్లికిచ్చీ బుక్కు. ఆవిడ సదువుతాది."

సమీర నోటుబుక్కు తెరిచింది. కాగితం బిస్కట్టులా పెళుసుగా ఉంది. ఒక్కో మాటా విడగొట్టి చదివింది. రెజీనా సంచిలోంచి పెన్ను తీసి, నర్సింగ్‌హోమ్ చీటీల వెనక బెంగాలీ అక్షరాల్లో రాసుకుంటూ పోయింది. మూడో పాదం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. బెంగాలీలో 'స' రాస్తే 'శ' అని పలుకుతుంది. రెజీనా కాసేపు ఆలోచించి, అక్షరం నెత్తిన తనే ఒక చుక్క పెట్టుకుంది.

"స-ద-యు-డ-వని," అంది సమీర. "దయగలవాడివని."

"దయ," అంది రెజీనా. "అంటే దయ గురించేటి ఇదంతా?" ఆమె మొహం మీద సిగ్గూ సంతోషమూ ఒకేసారి కనబడ్డాయి. రెండేళ్ళుగా ఏ మాట మీద తన ప్రాణమంతా పెడుతోందో ఆ మాట ఆమెకు ఇప్పుడు తెలిసింది.

సూరన్న కళ్ళు మూసుకొని వింటున్నాడు. ఆయన పెదాలు కూడా కదిలాయి. "హజయుడవని," అన్నాడు పైకి. కళ్ళు తెరిచి కోపంగా చూశాడు. "అదే గదా నానూ అన్నాను!"

రెజీనా సమీర వైపు చూసింది. సమీర రెజీనా వైపు చూసింది. "అవును తాతా, అదే," అంది రెజీనా.

*

సమీర సందులోకి వచ్చి పెద్దిరాజుకు ఫోన్ చేసింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు.

"జాబితా ప్రకటించేశామండీ. ఇప్పుడు పదకొండో పేరంటే మిగతా తల్లిదండ్రులు ఊరుకుంటారా? మా పిల్లనెందుకు చేర్చరని నా ప్రాణం తీస్తారు."

"తప్పు చేసింది నేను. నేనే స్టేజి మీద చెప్తాను."

"మీ ముందు మాత్రం ఆ ముసలాయన ఎలాగో పాడించి ఉండొచ్చుగా..."

"పెద్దిరాజు గారూ, నేను కళ్ళతో చూశాను. అట్ల మాట్లాడకండి."

ఆయన చాలాసేపటికి సరేనన్నాడు. సమీర బహుమతి తెచ్చినంత సంబరంగా గదిలోకి తిరిగి వెళ్ళింది. రేపు పదింటికి రావాలని, తాతను తీసుకురావడానికి కారు తనే పంపిస్తానని చెప్పింది.

రెజీనా చీటీలు వరసగా పేర్చుకుంటోంది. "రేపొద్దు దిదీ."

"ఎందుకు? పేరు పెట్టించాను. ఎవరూ ఏమనరు."

"అది కాదు. మాటలు తప్పున్నాయి గదా."

"ఒక్క మాటే కదా. దిద్దుకున్నారు."

"ఒక్కటేటి? ఈ చీటీల పదకొండున్నాయి." వేలితో చూపించింది. "రెండేళ్ళు అలాగే పలికిన నోరు ఒక్క రోజుల తిరగదు. ఆలోచించి పాడితే పాట పోతాది, ఆలోచించకపోతే మాట పోతాది. దిద్దుకొని వచ్చే ఏడు వస్తాను."

సమీర బతిమాలింది. యెషయాతో చెప్పించబోయింది. ఆయన గోడకు ఆనుకొని, ఉదయం నుంచి మొదటిసారి కాస్త తేలికైన మొహంతో, "అది అనుకున్నాదంటే అంతే," అన్నాడు. బతిమాలుతున్న కొద్దీ సమీరకు ఒకటి అర్థమైంది. రేపు ఈ అమ్మాయి పాడటం అమ్మాయికి కాదు, తనకు అవసరం.

"రేపు మిగతావోలు పాడినది ఇనొచ్చా?" రెజీనా అడిగింది. "పాడకండా, ఊరికే ఇనడానికి?"

"వినొచ్చు."

"అయితే వస్తాను."

*

ఆదివారం పదింటికే న్యూ టౌన్ హాలు నిండింది. తల్లులు పిల్లల జడలు సర్దుతున్నారు, మైకు కీచుమంటోంది. పెద్దిరాజు ముందు వరసలో సమీరతో ముభావంగా ఉన్నాడు. పదకొండు గంటలు కావస్తుండగా యెషయా, రెజీనా వచ్చారు. ఆయన చర్చికి వేసుకొనే తెల్ల చొక్కాతో ఉన్నాడు. ద్వారం దగ్గర వాచ్‌మన్ పేరు రాయమని పుస్తకం ఇస్తే, ఎందుకని అడిగి, అందరూ రాస్తున్నారని చూసుకున్నాకే రాశాడు. ఇద్దరూ వెనక నుంచి రెండో వరసలో కూర్చున్నారు.

యువత విభాగంలో మొదటి అమ్మాయి స్టేజి మీద కూర్చొని, తంబురా పెట్టె సరిచేసుకుంటోంది. సమీర మైకు అందుకుంది. పొద్దున రాసుకున్న కాగితం చేతిలో ఉంది. ఎనిమిది వాక్యాలు. మూడుసార్లు కొట్టేసి రాసినవి.

"పాట మొదలయ్యే ముందు ఒక మాట," అంది. "ఈ విభాగంలో ఇంకొక పేరు ఉండాలి. రెజీనా, ఏక్‌బాల్‌పూర్ నుంచి. ఆమె పంపిన పాట ఆమె పాడలేదని నేను అనుమానించాను. ఆమెను అడగకుండానే తీసేశాను. పాడింది ఆమే."

హాల్లో గుసగుసలు లేచాయి. తలలు తిరిగాయి. పెద్దిరాజు చేతి గడియారం చూసుకున్నాడు. వెనక వరసలో యెషయా నిటారుగా కూర్చొని, ఎవరు చూస్తున్నారో ఒక్కొక్కరినీ చూశాడు. ఆయన గడ్డం కొంచెం పైకి లేచింది. కూతురి భుజం తట్టి ఏదో చెప్పబోయాడు.

రెజీనా ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె సమీరను చూడటం లేదు. సమీర పక్క నుంచి, స్టేజి మీది అమ్మాయిని చూస్తోంది. తంబురా అప్పుడే కుదురుకుంటోంది. ఆ శ్రుతిని అందుకోవడానికి రెజీనా పెదాలు విడివడ్డాయి, ఒళ్ళో చీటీలు తెరిచి ఉన్నాయి, పెన్ను మూత తీసి ఉంది. మైకులోంచి వచ్చే మాటలు ఎప్పుడు అయిపోతాయా అన్నట్టు ఆమె కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి.

సమీర కాగితంలో ఇంకా రెండు వాక్యాలు ఉన్నాయి. ఆమె మైకు పక్కన పెట్టి దిగి వచ్చేసింది.